నయం చేసే చెయ్యే హాని చేసినప్పుడు

ఒక జబ్బుతో ఆసుపత్రిలో చేరిన మనిషికి అక్కడే మరో జబ్బు అంటుకుంటే దాన్ని ఆసుపత్రి ఇన్ఫెక్షన్ అంటారు. సాధారణంగా చేరిన 48 గంటల తర్వాత బయటపడేవాటిని ఈ లెక్కలోకి తీసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన అంచనా ప్రకారం, ఆసుపత్రుల్లో చేరే ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి కనీసం ఒక ఇన్ఫెక్షన్ అక్కడే సోకుతుంది. అలా సోకినవాళ్లలో సగటున పదిమందిలో ఒకరు దానితోనే చనిపోతారు. ఇందులో ఎవరూ ఎవరికీ కీడు తలపెట్టరు. హాని చేసిన మనిషికి తాను చేసినట్టు చాలాసార్లు తెలియను కూడా తెలియదు. మరి ఉద్దేశం లేని హానికి బాధ్యత ఉంటుందా, ఉంటే ఎవరిది, ఎంత? ధర్మశాస్త్రకారులూ బౌద్ధ జైనాచార్యులూ పాశ్చాత్య తత్వవేత్తలూ తర్కించిన ఈ ప్రశ్న ఆసుపత్రి వార్డులో ఎదురైనంత సూటిగా మరెక్కడా ఎదురు కాదు.

ముందు సూక్ష్మజీవి నడిచే దారి తెలియాలి. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యవంతుల్లో దాదాపు మూడో వంతు మంది ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. అదే ఆపరేషన్ గాయంలోకి చేరితే చీము పట్టిస్తుంది, రక్తంలోకి దిగితే ప్రాణం మీదికి తెస్తుంది. క్లెబ్సియెల్లా పేగుల్లో నివసిస్తుంది. అసినెటోబాక్టర్ మంచం కమ్మీల మీద, మానిటర్ మీటల మీద తడి లేకపోయినా వారాల తరబడి బతుకుతుంది. వీటిని అడ్డుకునే మొదటి కవచం చర్మం. ఆసుపత్రిలో ఆ కవచాన్ని వైద్యమే ఛేదిస్తుంది: చేతికి కాన్యులా, మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి సెంట్రల్ లైన్, మూత్రానికి కాథెటర్, ఊపిరికి వెంటిలేటర్ గొట్టం. ప్రాణం నిలబెట్టే ఒక్కో గొట్టం ఒక్కో ప్రవేశద్వారం కూడా.

ఐసీయూలో ఒక నర్సు మొదటి మంచం రోగి మూత్రపు సంచి ఖాళీ చేస్తూ ఉంటుంది. అంతలో రెండో మంచం దగ్గర అలారం మోగుతుంది. పరుగున వెళ్లి మీట నొక్కి, ఆగిపోయిన సెలైన్ గొట్టం మూత విప్పి సరిచేస్తుంది. క్షణాల్లో అయిపోయే పని, అక్కడ తక్షణం చేయాల్సిన పనే. ఆ సాయంతో పాటు మొదటి రోగి పేగుల్లోని బ్యాక్టీరియా రెండో రోగి రక్తంలోకి దారి పట్టి ఉండవచ్చు. మూడు రోజుల తర్వాత ఆ రోగికి చలిజ్వరం వస్తే అది ఆ క్షణాల ఫలితమని ఎవరూ చెప్పలేరు, ఆ నర్సు అంతకంటే చెప్పలేదు. కారణానికీ ఫలితానికీ నడుమ ఇంత ఎడం ఉండటం వల్ల తప్పు చేసిన భావన కలగదు. భావన లేనిచోట దిద్దుబాటూ రాదు.

నివారణ పద్ధతుల్లో నిగూఢమైనది ఏదీ లేదు. ఆల్కహాల్ ద్రవంతో 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు చేతులు శుభ్రం చేసుకోవాలి. రోగిని ముట్టుకోబోయే ముందు, గొట్టాలు పెట్టడం, కట్టు కట్టడం లాంటి పనికి ముందు, రక్తం, మూత్రం లాంటివి తగిలే అవకాశం ఉన్న పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, రోగి చుట్టుపక్కల వస్తువులను ముట్టుకున్నాక అని ఐదు సందర్భాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆల్కహాల్‌కు చావవు కాబట్టి అక్కడ సబ్బూ నీళ్లే కావాలి. పరికరాలను ఆటోక్లేవ్‌లో ఆవిరి పీడనం కింద 121 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడిలో ఉంచుతారు. క్షయ లాంటి గాలి ద్వారా వచ్చే జబ్బులకు ఎన్95 మాస్కు, ధారాళంగా గాలి మారే గది కావాలి. గొట్టం అవసరం తీరిన రోజే తీసెయ్యాలి.

ఈ తెలివిడి ఎంత ఖరీదుకు వచ్చిందో వియన్నా చరిత్ర చెబుతుంది. 1840లలో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు ప్రసూతి క్లినిక్‌లు ఉండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు పురుళ్లు పోసేవారు, రెండో దానిలో శిక్షణ పొందే మంత్రసానులు పోసేవారు. 1846లో మొదటి క్లినిక్‌లో తల్లుల మరణాలు 11 శాతం దాటాయి, రెండో దానిలో మూడు శాతానికి లోపే ఉన్నాయి. ఊరి ఆడవాళ్లకు ఈ తేడా వైద్యుల కంటే ముందే తెలుసు. మొదటి క్లినిక్‌లో చేర్చవద్దని మోకాళ్ల మీద పడి వేడుకునేవారు. దారిలో, వీధిలో ప్రసవించి తర్వాత చేరినవారికి ఈ చావులకు కారణమైన సూతికా జ్వరం, అంటే బాలింతలకు వచ్చే జ్వరం, తక్కువగా వచ్చేది.

1846లో అక్కడ సహాయకుడిగా చేరిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి పక్కన పెడుతూ వచ్చాడు. వాటిలో ఒకటి మతానికి సంబంధించినది. చనిపోతున్నవారికి అంత్య సంస్కారం ఇవ్వడానికి పాద్రీ వెళ్లేటప్పుడు ముందు ఒక సేవకుడు గంట మోగిస్తూ నడిచేవాడు. మొదటి క్లినిక్‌లో జబ్బుపడ్డవారి గదికి చేరాలంటే వార్డులన్నీ దాటాలి. రెండో దానిలో ఆ అవసరం లేదు. ఆ గంట విని బాలింతలు బెదిరిపోవడం వల్లే జ్వరం వస్తోందేమోనన్న ఊహ మీద, గంట లేకుండా వేరే దారిన రమ్మని సెమ్మెల్‌వైస్ పాద్రీని ఒప్పించాడు. మరణాలు తగ్గలేదు.

1847 మార్చిలో అతని మిత్రుడు, న్యాయవైద్య ఆచార్యుడు యాకబ్ కొలెచ్కా శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి వేలికి గుచ్చుకుని చనిపోయాడు. అతని శరీరంలో కనిపించిన మార్పులు సూతికా జ్వరంతో పోయిన తల్లుల శరీరాల్లో కనిపించినవే. విద్యార్థులు పొద్దున్నే శవాలను కోసి, ఆ చేతులతోనే ప్రసూతి వార్డుకు వచ్చేవారు. మంత్రసానులకు శవపరీక్షలతో పని లేదు. సెమ్మెల్‌వైస్ మే నెలలో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌లో రెండు శాతానికి దిగాయి.

అక్టోబరులో మరో దెబ్బ తగిలింది. గర్భాశయ క్యాన్సర్‌తో పుండై స్రవిస్తున్న ఒక స్త్రీని మొదటి మంచం మీద ఉంచారు. పరీక్షలు ఆమెతోనే మొదలయ్యేవి. వార్డులోకి వచ్చేటప్పుడు క్లోరిన్‌తో కడుక్కున్నారు. ఒక రోగి నుంచి మరో రోగికి వెళ్లేటప్పుడు సబ్బూ నీళ్లతో సరిపెట్టారు. ఆ వరుసలో ప్రసవించిన 12 మందిలో 11 మంది చనిపోయారు. విషం శవం నుంచే రానక్కరలేదని, బతికున్న మనిషి నుంచీ వస్తుందని అలా తేలింది. 1861లో ప్రచురించిన గ్రంథంలో సెమ్మెల్‌వైస్, శవపరీక్షలు తనంతగా చేసిన ప్రసూతి వైద్యులు కొద్దిమందేనని, తనవల్ల అకాలంగా సమాధికి చేరిన స్త్రీల సంఖ్య దేవుడికే తెలుసునని రాసుకున్నాడు. గుండె బరువెక్కించే సంగతి ఇక్కడే ఉంది. ఆ క్లినిక్‌లో అందరికంటే ఎక్కువ హాని చేసినవాడు అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నవాడు. తల్లుల చావుకు కారణం కనుక్కోవాలన్న తపనే అతన్ని రోజూ శవాగారానికి నడిపించింది.

మరి 1847 మార్చికి ముందు సెమ్మెల్‌వైస్ పాపం చేశాడా? భారతీయ దర్శనాల్లో దీనికి రెండు పాత సమాధానాలున్నాయి. బౌద్ధం చేతన వైపు మొగ్గుతుంది: తలపే కర్మ. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తలో కాయికమైన దోషమే బరువైనదని జైన పక్షం వాదిస్తే, మానసికమైనదే బరువైనదని బుద్ధుడు అంటాడు. జైనుల సూత్రకృతాంగం ఎదురు వాదాన్ని వినిపిస్తుంది. తెలకపిండి ముద్ద అనుకుని మనిషిని శూలానికి గుచ్చి కాల్చినవాడికి పాపం లేదన్న బౌద్ధ వాదాన్ని అందులో జైన పక్షాన ఆర్ద్రకుడు ఖండిస్తాడు. మనిషినీ పిండిముద్దనీ పోల్చుకోలేనంత నిర్లక్ష్యాన్ని అమాయకత్వమనడం కుదరదని అతని వాదన.

రెండు వాదాలనూ చివరిదాకా లాగితే రెండూ వార్డులో పనికిరావు. తలపే సర్వస్వమైతే చేతులు కడుక్కోని దయాళువైన వైద్యుడికి మచ్చే లేదు. ఫలితమే సర్వస్వమైతే కంటికి కనిపించని జీవుల లోకంలో ఎవరూ నిర్దోషులు కారు. జైనాచార్యుడు ఉమాస్వాతి తత్వార్థసూత్రం ఇచ్చిన నిర్వచనం ఈ రెంటి నడుమ నిలుస్తుంది: ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో కూడిన ప్రవర్తన వల్ల ప్రాణానికి కలిగే చేటు హింస. జైన సాధువు నేలను పరికించి అడుగు వెయ్యడం, కూర్చునే ముందు రజోహరణం అనే మెత్తని కుంచెతో మెల్లగా ఊడ్చడం ఈ నిర్వచనానికి ఆచరణ రూపాలు.

ఏమరుపాటు ఎక్కడ మొదలవుతుందన్నది తెలిసినదాన్ని బట్టి ఉంటుంది. 1846లో శవాగారం నుంచి నేరుగా వచ్చిన విద్యార్థి ఏ హెచ్చరికనూ తోసిపుచ్చలేదు. 1848లో అదే పని చేసినవాడు తోసిపుచ్చాడు. తెలివిడి పెరిగినకొద్దీ యాదృచ్ఛికం అనిపించుకున్నది నిర్లక్ష్యంగా మారుతుంది. వైద్యంలో జ్ఞానం కొత్త శక్తితో పాటు కొత్త దోషాలనూ తెస్తుంది. అందుకే దాన్ని కొందరు అంత గట్టిగా నిరాకరించారు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వైద్యుడు అలెగ్జాండర్ గార్డన్ తానే చాలామంది బాలింతలకు జ్వరం మోసుకెళ్లానని 1795లోనే బాహాటంగా ఒప్పుకున్నాడు. 1843లో బోస్టన్‌లో వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ సూతికా జ్వరం అంటువ్యాధేనని వాదించాడు. ఫిలడెల్ఫియా ఆచార్యుడు చార్లెస్ మెగ్స్ మాత్రం వైద్యులు పెద్దమనుషులని, పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయని కొట్టిపారేశాడు. ఆయన దృష్టిలో శుభ్రత హోదాకు పుట్టుకతో వచ్చిన గుణం.

ఉద్దేశం లేని హానికి బాధ్యత ఎంతన్న ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చిన తీర్పు బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. ఒక భిక్షువు గుడ్డ కప్పిన పీట మీద కూర్చున్నాడు. ఆ గుడ్డ కింద ఒక పిల్లవాడున్నాడు; నలిగి చనిపోయాడు. భిక్షువుకు పిల్లవాడి సంగతి తెలియదు కాబట్టి సంఘం నుంచి వెళ్లగొట్టేంత దోషం లేదని బుద్ధుడు తీర్పు చెప్పాడు. ఆ వెంటనే, ఇకమీద ఆసనాన్ని పరిశీలించకుండా కూర్చోరాదని, కూర్చుంటే దోషమని నియమం పెట్టాడు. జరిగిపోయినదానికి ఆ మనిషిని నలగ్గొట్టకుండా, జరగబోయేదానికి అందరినీ కట్టుబడేలా చేశాడు. అంతకంటే ముఖ్యంగా, కొత్త దోషాన్ని చావుతో ముడిపెట్టలేదు. కింద ఎవరూ లేకపోయినా, చూడకుండా కూర్చోవడమే తప్పు. ఆసుపత్రి నియమాలకు ఇంతకన్నా మంచి పునాది దొరకదు. చెయ్యి కడగని ప్రతిసారీ రోగికి జబ్బు రాదు. చాలాసార్లు ఏమీ కాదు. ఫలితాన్ని చూసి తప్పును లెక్కగట్టే పద్ధతి ఇక్కడ నడవదు.

దోషం లేదన్నంత మాత్రాన బాధ లేకపోవాలా? బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో రాసిన వ్యాసంలో, తన తప్పేమీ లేకుండానే ఒక బిడ్డ మీదుగా లారీ నడిపిన డ్రైవరును ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ డ్రైవరు పడే బాధ పక్కన నిలబడి చూసినవాడి బాధ లాంటిది కాదు, కాకూడదు కూడా. నా తప్పు లేదుగా అని మర్నాడే తేలిగ్గా తిరిగేవాడిని చూస్తే లోకానికి ఏదో లోపం కనిపిస్తుంది. ఆ వాదనలో బలముంది. కానీ ఆ బాధ కట్టలు తెగితే ఏమవుతుందో జర్మనీలోని కీల్ నగర వైద్యుడు గుస్తావ్ మిఖాయెలిస్ జీవితం చూపిస్తుంది. అతను పురుడు పోసిన దగ్గరి బంధువు ఒకామె సూతికా జ్వరంతో పోయింది. సెమ్మెల్‌వైస్ సిద్ధాంతం చేరగానే అతను దాన్ని నమ్మాడు, క్లోరిన్ వాడకం మొదలుపెట్టాడు, తనవల్ల పోయినవారిని తలచుకుని కుంగిపోయి 1848లో ప్రాణం తీసుకున్నాడు. సెమ్మెల్‌వైస్ బాధ మరోవైపు తిరిగింది. 1861, 62లలో రాసిన బహిరంగ లేఖల్లో తన మాట వినని ప్రసూతి వైద్యులను హంతకులని నిందించాడు. 1865లో వియన్నా దగ్గరి మానసిక చికిత్సాలయంలో, గాయం విషమించి, 47 ఏళ్లకే మరణించాడు. ఒక బాధ తనను తిన్నది, మరొకటి మిత్రులు కాదగినవారిని దూరం చేసింది. చేతులు కడిగించే ఏర్పాటు మాత్రం బాధ ఎంతున్నా దానంతట అది పుట్టదు.

శుచి అనగానే తెలుగు మనసుకు మడి గుర్తుకొస్తుంది. పైకి చూస్తే ఆపరేషన్ థియేటర్ మడి వంటింటిలాగే ఉంటుంది: ఉతికిన బట్ట, దేన్నీ తాకని చేతులు, తాకితే మళ్లీ మొదటినుంచి. లోపలి దిశ మాత్రం పూర్తిగా తిరగబడి ఉంది. మడి కట్టుకున్న మనిషి లోకపు మైల తనకు తగలకుండా తప్పుకుంటుంది. ఆసుపత్రి నియమం తన చేతినే మైల అనుకుని, ఎదుటి మనిషిని దాన్నుంచి కాపాడమంటుంది. గ్లవ్స్ విషయంలో ఈ తేడా కళ్లకు కడుతుంది. ఒకే జత గ్లవ్స్‌తో పదిమంది రోగులను ముట్టుకున్న ఉద్యోగి తనకు మడి పాటించుకున్నట్టే. ఆ పదిమంది మధ్య బ్యాక్టీరియాను పంచినవాడూ అతనే.

అశౌచ భావన తిన్నగా ప్రాణాలు తీసిన సందర్భమూ ఉంది. ప్రసవం మైల అన్న నమ్మకంతో దేశంలో చాలాచోట్ల పురిటాలికి ఇంట్లో అధ్వాన్నమైన గదినీ, ఎలాగూ పారేసే పాత గుడ్డలనూ కేటాయించేవారు. మురికి పరికరంతో కోసిన బొడ్డుతాడు గుండా పసిబిడ్డలకు ధనుర్వాతం సోకేది. తల్లులకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతాన్ని ప్రజారోగ్య సమస్యగా భారతదేశం నిర్మూలించిందని 2015లో ధ్రువీకరణ అయింది. గర్భిణులకు టీకాలూ, శుభ్రమైన కాన్పులూ ఆ పని చేశాయి. మైల భావన వైద్యుణ్ణీ వదల్లేదు: మనుస్మృతి వైద్యుడి అన్నాన్ని తినరాని అన్నాల జాబితాలో చేర్చింది. అందరి శరీరాలనూ ముట్టుకునేవాడు కాబట్టి దూరం పెట్టిందనుకోవాలి. సుశ్రుత సంహిత దృష్టి వేరు. వైద్యుడు గోళ్లు, వెంట్రుకలు కత్తిరించుకుని శుచిగా ఉండాలని, గాయపడ్డవారి గదికి ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పుతో ధూపం వెయ్యాలని అది చెప్పింది. ఒకే పడక, ఒకే బట్ట వాడటం వల్ల కొన్ని జబ్బులు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయనీ గుర్తించింది.

మైలను ఎవరో ఒకరి మీదికి నెట్టే అలవాటు ఆసుపత్రుల్లో ఇంకా ఉంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తపు దూదీ, శరీర భాగాలూ పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలో, గాజు నీలం రంగు పెట్టెలో, సూదులూ బ్లేడ్లూ గుచ్చుకోని తెల్లటి డబ్బాలో వెయ్యాలి. హడావుడిలో వాడేసిన సూదిని సంచిలో పడేస్తే అది గుచ్చుకునేది ఆ సంచి మోసే పారిశుద్ధ్య కార్మికురాలికి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ముప్పు ఆమెది. వార్డు శుభ్రత నిలిచేది ఆమె తుడిచే గుడ్డ మీద. టీకాలకూ శిక్షణకూ పేరు రాసేటప్పుడు జాబితాలో ఆమె చివర ఉంటుంది.

ఇక్కడి నుంచి ప్రశ్న వ్యక్తిని దాటుతుంది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు శిబిరంలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. అంతమందికి వరుసగా ఆపరేషన్లు చేసే చోట ఒక్కరి నిర్లక్ష్యాన్ని వెతికి పట్టుకోవడం సులువు. పరికరాలు ఎన్ని సెట్లున్నాయి, ఒక ఆపరేషన్‌కూ మరోదానికీ మధ్య వాటిని శుద్ధి చేసే వ్యవధి ఉందా, రోజుకు ఎంతమందికని ఎవరు ఒప్పుకున్నారు అన్నవి అడగడం కష్టం, అడగాల్సినవి అవే.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం ఈ మార్గంలో చేసిన పని 2006లో ప్రచురితమైంది. నూటికి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ పెట్టేటప్పుడు ఐదు పనులు తప్పక చెయ్యమన్నారు: చేతులు కడగడం, రోగిని ఆసాంతం శుభ్రమైన గుడ్డతో కప్పి వైద్యుడు గౌను, గ్లవ్స్, మాస్కు వేసుకోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర గుచ్చకపోవడం, అవసరం తీరిన లైను తీసెయ్యడం. ఏ మెట్టు తప్పినా వైద్యుణ్ణి ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. సెంట్రల్ లైన్ ఉన్న వెయ్యి రోజులకు 2.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్ల మధ్యగత రేటు మూడు నెలల్లో సున్నాకు వచ్చింది. ఈ ఐదింటిలో కొత్తది ఏదీ లేదు. పెద్ద డాక్టరును చిన్న ఉద్యోగి ఆపవచ్చునన్నదే అసలైన కొత్తదనం. ఏమరుపాటు మనిషికి తనలో తనకు కనిపించదు, పక్కవారికి కనిపిస్తుంది. ఆ పక్కవారికి నోరు విప్పే హక్కు లేనిచోట నియమాలు గోడ మీది పోస్టర్లుగా మిగిలిపోతాయి.

రోగి విషయంలో మరో చిక్కుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా సోకిన రోగి ఒకవైపు బాధితుడు, మరోవైపు ఇతరులకు ముప్పు. అతన్ని వేరే గదిలో పెడితే అందరికీ మేలు. ఆ మేలుకు వెల అతని ఒంటరితనం. అలా వేరుచేసిన రోగుల గదుల్లోకి వైద్య సిబ్బంది కూడా తక్కువసార్లు వెళతారని అధ్యయనాలు గమనించాయి. పరామర్శను కర్తవ్యంగా ఎంచే సమాజంలో ఇది ఇంకా కటువుగా తగులుతుంది. ప్రజారోగ్యం కోసం హక్కులను తగ్గించాల్సి వస్తే లక్ష్యానికి సరిపడా అతి తక్కువ ఆంక్షే పెట్టాలని అంతర్జాతీయ నిపుణులు రూపొందించిన 1984 నాటి సిరాకుసా సూత్రాలు చెబుతాయి. జబ్బు వ్యాపించే దారే ఆ కొలత ఇస్తుంది. గాలి ద్వారా పాకే క్షయకు తలుపు మూయాలి, మాస్కు కావాలి. స్పర్శతో పాకేదానికి గౌను, గ్లవ్స్ వేసుకున్న బంధువు పక్కన కూర్చోవచ్చు. వెళ్లేటప్పుడు వాటిని తీసేసి చేతులు కడుక్కోవాలి. ఇంతకు మించి దూరం పెట్టడాన్ని వైద్యం సమర్థించదు.

హాని జరిగిపోయాక మిగిలేది ప్రాయశ్చిత్తం. తెలియక చేసినదానికి తేలిక ప్రాయశ్చిత్తం, తెలిసి చేసినదానికి కఠినమైనది అని ధర్మశాస్త్రాలు విభజించాయి; తెలియనిదానికి అసలు లేదని మాత్రం అనలేదు. ఆసుపత్రికి వర్తింపజేస్తే మొదటి ప్రాయశ్చిత్తం నిజం చెప్పడం. ఆ జ్వరం ఇంటి నుంచి వచ్చింది కాదని, ఇక్కడే సోకిందని రోగికీ కుటుంబానికీ చెప్పాలి. రెండోది ఖర్చు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2008 అక్టోబరు నుంచి, ఆసుపత్రిలో సోకిన కాథెటర్ మూత్ర ఇన్ఫెక్షన్, రక్తనాళపు గొట్టాల ఇన్ఫెక్షన్ లాంటి కొన్నిటికి అదనపు సొమ్ము ఇవ్వడం మానేసింది. ఆ భారం ఆసుపత్రిదే. రోగిపై వేసే వీలూ లేదు. మన దగ్గర చేతి డబ్బుతో వైద్యం చేయించుకునేవారికి అదనపు ఐసీయూ రోజులూ, ఖరీదైన యాంటీబయాటిక్‌లూ చివరికి డిశ్చార్జి బిల్లులో కలిసి వస్తాయి. ఏ రోజు నుంచి ఏ కారణంతో అన్నది ఆ కాగితంలో విడిగా ఉండదు.